సిస్టరమ్మ శాంతమూర్తి కాదు

సిస్టరమ్మ పోయిన సంగతి నాకు నల్లా దగ్గర తెలిసింది. వెనక నిలబడ్డ టైలరు భార్య, "తెల్లారుజామున పాణం విడిచిందట అక్కా. పాలాయన తలుపు కొడితే తియ్యలేదట. గుండె ఆగిందంటున్నరు" అంది. నేను బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. అది సగమే నిండిందని వంటింట్లో దించాక గానీ చూసుకోలేదు.

ఆమె బొగ్గు కంపెనీ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మా క్వార్టర్ల వెనక గోడకు అవతల రెండు గదులు కట్టుకుని ఒంటరిగా ఉండేది. పెళ్లి చేసుకోలేదు. పేరు పెట్టి పిలిచిన వాళ్లను నేను చూడలేదు. చిన్నా పెద్దా అందరికీ సిస్టరమ్మే.

మూడో రోజు చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. కొత్త రాష్ట్రం వచ్చిన సంబురానికి కట్టిన తోరణాలు ఆ రోడ్డు మీద ఇంకా వేలాడుతున్నాయి. నేను గుళ్లకు వెళ్లే మనిషిని, చర్చి మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. చివరి వరుసలో కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. శాంతమూర్తి అన్నారు. ఓర్పుకు మారుపేరు అన్నారు. పిల్లాడికి టీకా వేయించలేదని గల్లీ అంతా వినేలా ఆమె చేత తిట్లు తిన్న ఒకామె, కళ్లు తుడుచుకుంటూ "కోపమంటే ఎరుగని తల్లి" అంది. ఆ హాల్లో ఆమె తిట్టని మనిషి పాస్టరు గారొక్కరే అయి ఉంటారు. ఆయన మా ఊరికి వచ్చి పదిహేను రోజులే అయింది మరి.

నాకు ఒళ్లు మండింది. మనిషిని పూడ్చిపెట్టింది చాలక ఆమె కోపాన్ని కూడా పూడ్చిపెడుతున్నారనిపించింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె చెల్లెలి కూతురు, కొత్తగూడెంలో టీచరు, నా చెయ్యి పట్టుకుని "పెద్దమ్మ గురించి అందరూ రాసిస్తున్నారు, చిన్న పుస్తకం వేయిస్తాం. మీరు కూడా నాలుగు మాటలు రాయండి" అంది. పదో తరగతితో నా చదువు ఆగింది. ఆ తర్వాత ఉత్తరాలు తప్ప నేనేమీ రాయలేదు. గట్టిగా మాట్లాడే అలవాటు కూడా లేదు, నేను పక్కగదిలో ఉన్నానో లేనో తెలియదని మా ఆయన అంటుంటాడు. కానీ ఆ అబద్ధాలు అచ్చులోకి ఎక్కుతాయని తెలిశాక ఊరుకోలేకపోయాను.

సిస్టరమ్మ కోపిష్టి మనిషి. ఆ కోపం లేకపోతే మా కొడుకు ఆ రెండేళ్లు కూడా బతికేవాడు కాదు.

మాకు ఒక్కడే. పదో తరగతిలో ఉండగా, శివరాత్రి దాటాక, ఎడమ చంక కింద నొప్పి అన్నాడు. కబడ్డీలో దెబ్బ తగిలిందనుకున్నాం. నొప్పి తగ్గలేదు. పరీక్షలు దానితోనే రాశాడు. ఎండాకాలం వచ్చేసరికి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు మేం చేసిన పని చెప్పాలంటే మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా ఆయన బొగ్గుబాయిలో, భూమి లోపల పని చేస్తాడు. తండ్రి ఒంట్లో శక్తి పోయి మెడికల్ బోర్డు ఆయనను అన్‌ఫిట్ అంటే, ఆ నౌకరి కొడుక్కి రావచ్చు. ఆ నౌకరీలు ఉంటాయో ఆగిపోతాయో ఆ రోజుల్లో పూటకో మాట వినపడేది. అయినా అందరి ఆశా అదే. కొడుకు కూడా మెడికల్‌కు పోవాలి, వాడు మాత్రం ఫిట్ కావాలి. మా దగ్గర తండ్రి ఫెయిల్ కావాలనీ కొడుకు పాస్ కావాలనీ ఒకే దేవుడికి మొక్కుతారు. ఆ పరీక్షలో మొదట చూసేది ఛాతీ.

"కంపెనీ దవాఖాన వద్దు" అన్నాడు మా ఆయన. "ఛాతీ నొప్పి అని మెడికల్ బుక్కుల రాస్తరు. ఒకసారి ఎక్కితే రేపు వాన్ని పక్కకు పెడ్తరు. బయట చూపిద్దాం."

ఇంటిల్లిపాది రోగాలన్నీ ఎక్కే పుస్తకం అది. నేను సరేనని అనలేదు, వద్దనీ అనలేదు. నేను మాట్లాడకపోతే సరే అన్నట్టేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

బజారులో సూదులు వేసే ఒకాయన దగ్గరికి తీసుకుపోయాం. డాక్టరు చదువు చదివినవాడు కాదు. చొక్కా విప్పించకుండానే గొట్టం పెట్టి విన్నాడు. "బొగ్గు దుమ్ము. నిమ్ము చేసింది" అన్నాడు. ఇరవై రోజుల తర్వాత "టీబీ ఉన్నట్టుంది, కోర్సు పెడదాం" అన్నాడు. కళ్లె పరీక్ష చేయించలేదు. మా ఊళ్లో ఛాతీ అనగానే ఆ రెండు మాటలే వస్తాయి, దుమ్ము, టీబీ. మూడోది ఉంటుందని ఎవరికీ తోచదు. ఆ గోళీలు మింగి పిల్లవాడు పచ్చబడిపోయాడు. నేను పోచమ్మకు మొక్కాను, శనివారాలు ఒక్కపొద్దులు పెంచాను. చంక కింద చిన్న ఉబ్బు కనపడితే వెల్లుల్లి కాచిన నూనె పోసి, ఈ చేత్తోనే, రోజూ పొద్దునా సాయంత్రం రుద్దాను. నొప్పని వాడు మెలికలు తిరిగితే "ఓర్చుకో నాయనా, నెత్తురు కట్టింది కరగాలె" అన్నాను. అట్లా నాలుగు నెలలు గడిచాయి.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం సిస్టరమ్మ కరివేపాకు కోసం మా వాకిట్లోకి వచ్చింది. అది ఓపెన్‌కాస్టు గనిలో బండ పేల్చే బ్లాస్టింగు పెట్టే వేళ. రోజూ నేల అదురుతుంది, అలమరలో గిన్నెలు గలగలమంటాయి, ఎవరూ తల ఎత్తరు. ఆ రోజు నేల అదరగానే లోపల గోడకు ఆనుకున్న మా వాడు "అమ్మా" అని అరిచాడు.

ఆమె కరివేపాకు కింద పడేసి లోపలికి వచ్చింది. "బ్లాస్టింగుకు గిన్నెలు కదుల్తయి. నీ కొడుకెందుకు అరిచిండు?" అంది.

"కొంచెం నొప్పి ఉంది సిస్టరమ్మా."

"ఎప్పటి సంది?"

"ఈ మధ్యనే."

"శివరాత్రి సంది" అన్నాడు మా వాడు.

ఆమె నా వైపు చూసింది. "నొప్పి అబద్ధం చెప్పదు బిడ్డా, ఇంట్లోళ్లు చెప్తరు" అని, వాడి చొక్కా పైకెత్తి, పక్కటెముక మీద మూడు వేళ్లు పెట్టింది. నొక్కలేదు. పెట్టి ఊరకే ఉంది. తర్వాత మా తొట్టి దగ్గరికి పోయి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. ఎవరిని ముట్టుకున్నా, ముట్టుకోబోయే ముందూ, ఆమె అట్లాగే కడుక్కునేది. నెత్తి మీద కొంగు సర్దుకుని మా గడప మీదే కూర్చుంది. మొదటి షిఫ్టు దిగి మా ఆయన వచ్చేదాకా కదల్లేదు.

"తమ్మీ, మెడికల్ బుక్కు ఇయ్యి. పిల్లగాన్ని రేపు పొద్దుగాల దవాఖానకు తోల్కపోతున్న."

ఆయన టిఫిన్ డబ్బా కింద పెట్టాడు. "చూపిస్తున్నం సిస్టరమ్మా. బుక్కుల ఎక్కితే వాని నౌకరి ఖరాబైతది."

"ఏ నౌకరి?"

"రేపు నేను అన్‌ఫిట్ అయితే..."

"నీ నౌకరి చెయ్యాలంటె వాడు బతికుండాలె గద. పీనుగుకు మెడికల్ పెడ్తరా?"

"నోరు మంచిగ పెట్టుకో సిస్టరమ్మా."

"మంచిగ పెట్టుకుంటె ఆ దవాఖానల ఇన్నేండ్లు నౌకరి చేసేదాన్నే గాదు. బుక్కు తే."

ఇద్దరూ కదల్లేదు. బియ్యం డబ్బా వెనక నుంచి నేను బుక్కు తీసి ఆమె చేతిలో పెట్టాను. పెళ్లైనప్పటి నుంచి ఆయన మాట దాటి నేను చేసిన మొదటి పని అది. నాలుగు నెలలు ఆలస్యంగా చేశాను.

మర్నాడు కంపెనీ దవాఖానలో ఎక్స్‌రే ఫొటో తీశారు, ఆ తర్వాతి రోజు హైదరాబాదులోని పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చారు. అక్కడ ఉబ్బులోంచి ముక్క తీసి పరీక్ష చేశారు. సూది వేసి మూడు గంటలు కూర్చోబెట్టి, ఒళ్లంతా ఎముకలు కనిపించే స్కాను తీశారు. ఒక డాక్టరమ్మ, వయసులో చిన్నది, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది టీబీ కాదు. ఛాతీ గోడలో, పక్కటెముకను ఆనుకుని పుట్టే క్యాన్సర్ గడ్డ. ఎదిగే వయసు పిల్లలకు వస్తుంది, అది కూడా ఎక్కడో ఒకరికి. మా దగ్గర కూడా అరుదుగానే చూస్తాం. దీనికి ఎముకలకు పాకే గుణం ఉంది. మీ బాబుకు తుంటి ఎముకకూ, వెన్నులో ఒకచోటికీ పాకింది."

మాతో వచ్చిన సిస్టరమ్మ అడిగింది. "నాలుగు నెలల కింద తెస్తే?"

డాక్టరమ్మ స్కాను ఫిల్మును కవరులో పెట్టింది. "కచ్చితంగా చెప్పలేను. ఎముకకు పోకముందు దొరికితే ఆశ ఎక్కువ ఉంటుంది. ఇప్పుడు కూడా వైద్యం ఉంది. కష్టమైనది, పొడుగైనది."

మా ఆయన లేచి బయటికి పోయాడు. మెట్ల కింద తల గోడకు పెట్టి నిలబడ్డాడు. సిస్టరమ్మ ఆయన వెనకే పోయింది. ఓదారుస్తుందనుకున్నాను. "ఏడ్వడానికి జాగ గాదిది, పో, మంచం దొరుకుతదా లేదా లైన్ల నిలబడు" అంది.

మూడు వారాలకోసారి మందు ఎక్కించేవారు. ఒక విడత ఒకటి, ఇంకో విడత ఇంకొకటి. ఒకటి ఎర్రగా ఉండేది, అది ఎక్కిన రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చేది. సిస్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే నేను నెత్తురనుకుని గుండె ఆగి చచ్చేదాన్ని. నోరంతా పుండ్లు పడ్డాయి. ఉప్పు, సోడా కలిపిన నీళ్లతో పుక్కిలించడం ఆమే నేర్పింది. జుట్టు రాలిపోయింది. అద్దంలో చూసుకుని వాడు, "అమ్మా, నీ వేములవాడ గుండు మొక్కు ఇంట్లనే తీరింది, బస్సు కిరాయి మిగిలింది" అన్నాడు. సిస్టరమ్మ నవ్వడం నేను అప్పుడు చూశాను. నవ్వి, వెంటనే, "గోర్లు చూపియ్యి దొరా, గలీజు" అని వాడి చేతులు లాక్కుని గోళ్లు కత్తిరించింది.

ఆమె చెప్పినవాటిలో మేం అన్నిటికంటే భయంగా పాటించింది జ్వరం సంగతి. మందు ఎక్కిన పదో రోజుకు ఒంట్లో రోగాన్ని ఆపే కణాలు పడిపోతాయట, అప్పుడు జ్వరం వస్తే గంటల మీద ప్రాణం పోతుందట. "జ్వరం చుట్టం గాదు, కూసోవెట్టి చాయ్ పోసేటందుకు. వచ్చిందంటె దవాఖాన. రేపు చూద్దామంటె రేపు ఉండది" అనేది.

శ్రావణంలో పోచమ్మ బోనాలు. రెండో విడత మందు ఎక్కి తొమ్మిది రోజులైంది. మా ఆడబిడ్డ పది మందితో, డప్పుతో, మా వాకిట్లోకి బోనం తెచ్చింది, పిల్లవాడి నెత్తిన పసుపు నీళ్లు చల్లి, బోనం అన్నం తినిపిస్తానని. మొక్కు నాదే. సిస్టరమ్మ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"మా అమ్మవారిని ఆపుతానికి నువ్వెవరు?" అంది మా ఆడబిడ్డ. "మీ మతంల కలుపుకుందామని చూస్తున్నవా?"

"నీ దేవత, నా దేవుడు ఇద్దరు గీడనే బయట నిలబడ్తరు. వాళ్లకు బాధ లేదు. లోపలికి మాత్రం పది మంది చేతులు, పది మంది దగ్గు రానియ్య."

"అమ్మవారికి కోపం వస్తది."

"వస్తె నా మీదికి రమ్మను. నా ఇల్లు గా గోడ అవతల."

దేవుణ్ణి గుమ్మంలో నిలబెట్టిన పాపం నా కొడుక్కి తగులుతుందనిపించింది. ఆమె మీద కోపంతో రెండు రోజులు అన్నం తినలేదు. మందు ఎక్కిన పదకొండో రోజు వాడికి సన్నగా జ్వరం తగిలింది. గంటలో బయలుదేరాం. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదని అక్కడి డాక్టర్లు అన్నారు. బోనం నాడు వాకిట్లో దగ్గిన వాళ్లలో ఒకడికి అప్పటికే వారంగా జ్వరమని తర్వాత తెలిసింది. కాలనీలో చాలామందికి సిస్టరమ్మ బోనాన్ని ఆపిన మనిషిగానే గుర్తుండిపోయింది. కూడికలో శాంతమూర్తి అన్నది ఆ నోళ్లే.

నాలుగో విడత తారీఖు సకల జనుల సమ్మెలో పడింది. బాయిలు బంద్, బస్సులు బంద్. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు. చౌరస్తాలో టెంటు వేశారు, మా ఆయన రోజూ అక్కడే. నేను కూడా రోడ్డు మీద వంటావార్పులో అన్నం వండాను. రాష్ట్రం రావాలని మా అందరికీ ఉంది. మరి తారీఖు సంగతి ఏం చేయాలంటే మా ఆయన "అందరికీ ఉన్న కష్టమే కదా, నాలుగు దినాలు చూద్దాం" అన్నాడు. మళ్లీ ఆ మాటే, చూద్దాం.

సిస్టరమ్మ గొడుగు వేసుకుని టెంటు దగ్గరికి పోయింది. మాట్లాడుతున్న నాయకుడి చేతిలోంచి "ఇయ్యి తమ్మీ" అని మైకు తీసుకుంది.

"తెలంగాణ రావాలె. నేను గూడ గదే ప్రార్థన చేస్తున్న. అది ఒక నెల ఆలిశమైనా వస్తది. ఈ పిల్లగాని మందు తారీఖు ఎల్లుండి. అది తప్పితె లోపలున్నది మళ్ల లేస్తది, దానికి మన సమ్మె తెల్వదు. నాకు బండి గావాలె. ఎవరిస్తరో చెప్పిన్రి, లేకుంటె నేను గీ మైకు ఇయ్య."

మైకు పోగొట్టుకున్న నాయకుడే, "నా జీపు తీస్కపో సిస్టరమ్మా, మైకు గిటియ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. జీపుకు జెండా కట్టారు. దారిలో ఆపిన ప్రతిచోటా లోపలికి తొంగి చూసి, మా వాడి బోడి తల చూసి, వాళ్లే రోడ్డుకు అడ్డం పెట్టిన డ్రమ్ములు పక్కకు జరిపారు. ఒకచోట రోడ్డు మీద వండిన అన్నం విస్తరిలో పెట్టి తెచ్చారు. "వండినోళ్ల చేతులు చూపియ్యిన్రి" అని సిస్టరమ్మ అడిగితే ఆ పిల్లలు నిజంగానే చేతులు చాపారు. ఆ అన్నం మేం తిన్నాం, మా వాడికి పెట్టనివ్వలేదు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని హైదరాబాదు దాకా వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత ఛాతీకీ తుంటికీ కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా వాళ్లు అట్లాగే అంటారు. ఏడాది తిరిగేసరికి స్కానులో మచ్చలు తగ్గాయన్నారు. వాడు ఇంటర్‌లో చేరాడు. ఎడమ చెయ్యి పైకెత్తలేడు గానీ సైకిలు తొక్కేవాడు. ఎనిమిది నెలలు మేం మనుషుల్లా బతికాం. తర్వాత నడుములో నొప్పి వచ్చింది. ఈసారి ఎవరూ దాచలేదు, అదే రోజు బయలుదేరాం. రోగం వెన్నులో మళ్లీ లేచింది. వేరే మందు ఇచ్చి చూశారు. లొంగలేదు.

బతుకుతానా అని వాడు నన్ను అడగలేదు. ఆమెను అడిగాడు. తలుపు దగ్గరికి వేసి ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. బయటికి వచ్చి నాకు వీపు పెట్టి, తొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. వానాకాలంలో వాడు పోయాడు.

పదకొండో రోజు ఇంటినిండా చుట్టాలు. ఎవరో, "దేవుడు ఇష్టమైనోళ్లను జల్ది పిలుస్కుంటడు" అన్నారు. "వాడి రాత అంతే రాసిపెట్టి ఉంది" అన్నాను నేను. సిస్టరమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"రాసింది దేవుడు గాదు బిడ్డా. నాలుగు నెలలు మీరు రాసిన్రు. ఒక నెల నేను గూడ రాసిన. గోడ అవతల వాడు మూలుగుతుంటె విని, నాకెందుకని ఊకున్న."

నా చెవులు మొదటి ముక్క దగ్గరే మూసుకుపోయాయి. పది మందిలో, కొడుకు పోయిన పదకొండో నాడు, అంత మాట. లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. గోడ మీదుగా కరివేపాకు ఇవ్వలేదు. పూజ మానలేదు, దీపం పెట్టేదాన్ని, దేవుడితో మాత్రం ఏమీ అనేదాన్ని కాదు. ఊళ్లో అందరూ నన్ను ఓదార్చారు. విధి అన్నారు, కర్మ అన్నారు, ఎంత ఓర్చుకుందో అన్నారు. ఆ మాటలు వింటుంటే ఎవరో నా ముఖం మీద తడిగుడ్డ కప్పుతున్నట్టు ఉండేది. బజారులో ఆ సూదులాయన కొట్టు ముందు అదే బల్ల మీద కొత్త తల్లులు కూర్చుని ఉండేవాళ్లు. నేను తల వంచుకుని దాటిపోయేదాన్ని.

ఈ ఎండాకాలంలో ఒక రోజు ఆమె మా గేటు దగ్గరికి వచ్చి ఆగింది. లోపలికి రాలేదు. బాగా నీరసపడింది.

"నా మీద కోపమున్నదా?" అంది.

"ఉంది" అన్నాను. ఒక మనిషి మొహం మీద నేను ఆ మాట అనడం అదే మొదలు.

"ఉండనియ్యి. దేవుని మీద పెట్టుకోకు, మొగని మీద పెట్టుకోకు. నా మీద పెట్టు, నేను మోస్త. గని ఆరిపోనియ్యకు."

ఆమె గోడ పట్టుకుని మెల్లగా వెళ్లిపోయింది. నెల దాటకుండానే పోయింది. ఒక నెల నేను కూడా రాశాను అని పదకొండో రోజు ఆమె అన్న మాట నాకు ఆ కూడికలో, చివరి వరుసలో వినిపించింది. ఆ నెలను ఆమె తన మీద వేసుకుని రెండేళ్లు మా గుమ్మంలో కాపలా కాసింది. నన్ను తిట్టిన నోరే తనను కూడా తిట్టుకుందని నేను ఆమె బతికుండగా వినలేదు. ఎవరి మీద కోపం రాయాలో తెలియక మొదలుపెట్టిన కాగితాలు ఇవి. రాస్తుంటే అందులో ఎక్కువ భాగం నా మీదే తేలుతోంది.

పోయిన వారం ఎదురు క్వార్టరు అమ్మాయి, ఎనిమిదో తరగతి, కాలు ఈడుస్తూ బడి నుంచి వచ్చింది. ఏమైందంటే, "నెల సంది మోకాలి కింద గుంజుతాంది పెద్దమ్మా" అంది. తల్లి గుమ్మంలోంచి, "ఎదిగే పిల్ల గద వదినా, బొక్కలు గుంజుతయి. నూనె రుద్దుతున్న" అంది.

"ఏ డాక్టరు చూసిండు?"

"దీనికి డాక్టరెందుకు? చూద్దాం, తగ్గకపోతె..."

తర్వాత ఏం అన్నానో నాకు వరుసగా గుర్తులేదు. నూనె సీసా లాక్కుని వాకిట్లో పారబోశాను. "బుక్కు తే. ఇప్పుడే తే. చూద్దామనకు" అని అరిచాను. వరుసలో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మా ఆయన లేచి బయటికి వచ్చాడు. నన్ను చూశాడు, ఆ పిల్ల కాలు చూశాడు, చెప్పులేసుకుని పోయి ఆటో తెచ్చాడు.

ఫొటో తీశారు. ఎముక శుభ్రంగా ఉంది. స్కిప్పింగు ఎక్కువ ఆడి కండరం లాగిందన్నారు, నాలుగు రోజులు ఆగి మళ్లీ ఆడుకోవచ్చన్నారు.

"ఏం లేని దానికి పది మందిల నా ఇజ్జత్ తీసినవ్ గదా వదినా" అంది తల్లి.

"ఏం లేదని తెలిసింది గదా."

"ఇగ నీతోని మాట్లాడ."

"మాట్లాడకు" అన్నాను.

అమ్మాయీ, నువ్వు నాలుగు మాటలు అడిగావు, నేను ఇన్ని రాశాను. వీటిని పుస్తకంలో వేయకు. వేయడానికి వీల్లేని మనిషి ఒకాయన ఇందులో ఉన్నాడు. ఆయన ఇంకా డ్యూటీకి పోతున్నాడు. ఈ మధ్య ఆయనకు నిజంగానే దగ్గు పట్టుకుంది. ఇప్పుడు అన్‌ఫిట్ అయినా ఆ నౌకరి ఇవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఆయనను కాలనీ ముందు నిలబెట్టే హక్కు నాకు లేదు, పక్కనే నేనూ నిలబడాలి కాబట్టి. మీ పెద్దమ్మ బట్టల మధ్య వీటిని దాచిపెట్టు, ఎవరికీ చూపించకు. పుస్తకంలో నా పేరు కింద ఏదో ఒకటి వేయాలంటే, ఆమె తిట్టేది అని మాత్రం వెయ్యి.

ఎదురింటామె ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఇది రాస్తుంటే కిటికీలోంచి కనిపిస్తోంది. పిల్ల వాకిట్లో తాడు తిప్పుతూ ఎగురుతోంది. తల్లి నాకు వీపు పెట్టి బట్టలు ఆరేస్తోంది, ఒక్కో బట్టనూ నాకు వినపడేలా ఫట్‌మని దులుపుతూ.